ప్రాసెసర్ మార్చడానికి పట్టిన నలభై రెండు రోజులు

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో రాసిచ్చిన కొటేషన్ కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది. 94,500 రూపాయలు. చివరికి నాకైన ఖర్చు 28,700. గేమ్స్ కోసమో సిమ్యులేషన్ కోసమో ప్రాసెసర్ మార్చాలనుకునేవాళ్లకు పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నా తెలివి తక్కువ పనులు కూడా ఉన్నాయి, దాచడం లేదు.

నేను ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తాను. పక్కన పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మధ్య చల్లగాలి ఎలా తిరుగుతుందో ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టడం నా పని. ఎనుమాముల మార్కెట్ పక్కన ఉండి టాపిక్ కోసం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. పిల్లలు పడుకున్నాక అదే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుతాను. 2020 డిసెంబర్‌లో అసెంబుల్ చేయించిన మెషీన్ అది: రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్. ఆర్‌టిఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 2022లో వేశాను.

2025 ఏప్రిల్ 6, శ్రీరామ నవమి. పొద్దంతా వడపప్పు, పానకం, గుడి. రాత్రి పదిన్నరకు శంషాబాద్‌లో దిగబోతున్నాను. రన్‌వే లైట్లు కనిపిస్తున్నాయి. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. ఒక్క సెకనే. మళ్లీ కదిలేసరికి విమానం రన్‌వే పక్కన గడ్డిలో ఉంది. ఇది కొత్తేమీ కాదు, నెల రోజులుగా దిగే ప్రతిసారీ ఇదే గోల. దానికి తోడు పొద్దున పెట్టిన గాలి లెక్క పదకొండు గంటలు దాటినా పూర్తికాలేదని దాన్ని ఆపేసి మరీ గేమ్ పెట్టుకున్నాను. రెండు పనులూ ఒకేసారి చెడిపోవడంతో, ఇక ప్రాసెసర్ మార్చాల్సిందేనని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. ఏది ఎందుకు ఆగుతోందో చూడకుండానే.

ఏప్రిల్ 9, బుధవారం కాలేజీ అయ్యాక దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర అబ్బాయి నేను చెప్పింది సగం విని కాగితం తీశాడు.

"ఆరు కోర్లు ఇప్పుడు దేనికి సరిపోతయ్ సార్? ఐ7 తీస్కోండి. ఇరవై కోర్లు, ఇరవై ఎనిమిది థ్రెడ్లు. మీ కాలేజీ పని, గేమ్ రెండూ కొట్టేస్తది."

ఇంటెల్ 14వ తరం ఐ7-14700కె 38,000. దానికి బోర్డు 22,500. డీడీఆర్5 ర్యామ్ 32 జీబీ 10,000. లిక్విడ్ కూలర్ 12,000. 850 వాట్ల పవర్ సప్లై 10,500. ఫిట్టింగ్ 1,500. చేతిలో కాగితం పెట్టుకుని ఇంటికొచ్చాను. కోరు అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే ఒక్కో విభాగం, థ్రెడ్ అంటే ఆ కోరు పట్టే ఒక్కో పని వరుస. ఇరవై ఎనిమిది అన్న అంకె బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇంట్లో మా ఆవిడ కాగితం చదివి ఒక్క వరుస దగ్గర ఆగింది. "హాల్లో కూలర్ మోటారు పోయి నెలైంది, మార్చమంటే వచ్చే నెల చూద్దామన్నరు. కంప్యూటర్‌కేమో పన్నెండు వేల కూలరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ మాటే నన్ను కొంచెం ఆపింది. ఆ ప్రాసెసర్ పూర్తి జోరు మీద ఉంటే 253 వాట్ల దాకా తాగుతుంది. కూలర్ ఏదైనా ఆ వేడి గదిలోకే వస్తుంది. మే నెలలో హన్మకొండలో, పై అంతస్తు స్లాబు కింద, పదేసి గంటలు లెక్క నడపాలి. పైగా ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల కాలక్రమేణా అస్థిరమవుతున్నాయని తేలి, 2024 ఆగస్టులో ఆ కంపెనీయే మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాలు) మార్పు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసుకుంటే భయం లేదంటారు, కావచ్చు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు.

మర్నాడు ల్యాబ్‌లో ఈ కథంతా చెప్తుంటే ఫైనలియర్ కుర్రాడు ఒకడు అడిగాడు. "సార్, గేమ్ ఆగినప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఎంత చూపిస్తోంది?"

చూడలేదు. పిల్లలకు కొలవకుండా నిర్ణయించొద్దని చెప్పేవాణ్ణి నేనే.

ఏప్రిల్ 12, 13 రెండు రోజులూ కొలతలకే పోయాయి. గేమ్ తడబడుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ 31 శాతం చూపించింది. అంటే ప్రాసెసర్‌కు పనే లేదా? అక్కడే చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. పన్నెండు థ్రెడ్ల సగటు అది. ఒక్క కోరు పీకల దాకా మునిగి, మిగతావి పావు వంతు పనితో సరిపెట్టుకున్నా సగటు ముప్పై దగ్గరే వస్తుంది. గేమ్ సెట్టింగుల్లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో చూపే) డబ్బా తెరిస్తే సంగతి అర్థమవుతుంది. నా తెరమీద ఎర్రగా "లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్" అని వచ్చింది. శంషాబాద్ టెర్మినల్ దగ్గర 24 ఫ్రేములు, దిగేటప్పుడు 14. గేమ్‌లో విమానం లెక్కలు, ట్రాఫిక్, గేజీలు చాలావరకు ఒకే దారం (మెయిన్ థ్రెడ్) మీద నడుస్తాయి. ఆ ఒక్క దారం కదలకపోతే పక్కన ఇరవై కోర్లున్నా చూస్తూ నిలబడతాయి.

ఇక గాలి లెక్క. దీన్ని ఎన్ని కోర్లకైనా పంచవచ్చు కాబట్టి ఇక్కడైనా కోర్లు పనికొస్తాయనుకున్నాను. వంద ఇటరేషన్లు (లెక్కను మళ్లీ మళ్లీ సరిచేసుకునే దఫాలు) పెట్టి గడియారం చూశాను. ఒక్క కోరుతో 22 నిమిషాలు. రెండింటితో 13. నాలుగింటితో పదిన్నర. ఆరింటితో పది. నాలుగు నుంచి ఆరుకు వెళ్తే మిగిలింది అర నిమిషం! ఆ రాత్రి ఆ నాలుగు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. హమాలీలు ఆరుగురున్నా లారీ తలుపు ఒక్కటే అయితే దిగే బస్తాలు అంతే. తలుపు ఎక్కడుందో తెలియడం లేదు.

ఏప్రిల్ 15 రాత్రి టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ ఊరికే నొక్కాను. కుడిపక్క కింద చిన్న అక్షరాలు. స్పీడ్: 2133. స్లాట్స్ యూజ్డ్: 4లో 1.

మళ్లీ చదివాను. నా ర్యామ్ పెట్టె మీద 3200 అని ఉంది. ఒక్క స్లాటు ఏంటి? అప్పుడు గుర్తొచ్చింది. 2020లో అసెంబుల్ చేసినతను "ఇప్పటికి ఒక్కటి వేసుకోండి సార్, ఇంకోటి తర్వాత వేసుకోవచ్చు" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ తర్వాత రాలేదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే తప్ప ర్యామ్ పెట్టె మీద రాసిన వేగంతో నడవదని అతను చెప్పలేదు, నేను అడగలేదు. లెక్క వేస్తే, ఒక్క ర్యామ్ 2133 మీద సెకనుకు దాదాపు 17 జీబీ మోస్తుంది. రెండు ర్యాములు 3200 మీద 51 జీబీ. నాలుగేళ్ల నాలుగు నెలలు మూడో వంతు దారిలో బండి నడిపాను. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక కిందకు వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

అదే మోడల్ 16 జీబీ ర్యామ్ ఆన్‌లైన్‌లో అప్పుడు 2,900. ఏప్రిల్ 19న వచ్చింది. మదర్‌బోర్డు పుస్తకంలో చూపినట్టు రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి, ఆగాయి. మళ్లీ తిరిగాయి, ఆగాయి. తెర నల్లగానే ఉంది. ఉన్నదీ పోయిందనుకున్నాను. మూడోసారి దానంతటదే బూట్ అయింది. ర్యామ్ మారినప్పుడు బోర్డు ఇలా సర్దుకుంటుందట. మీకూ ఇలా అయితే ఒకట్రెండు నిమిషాలు స్విచ్ జోలికి వెళ్లకండి.

వంద ఇటరేషన్లు: 4 నిమిషాల 45 సెకన్లు. పది నిమిషాల పని సగానికి పైగా తగ్గింది, మూడు వేల లోపు ఖర్చుతో. ఏడు వేల ఇటరేషన్ల పూర్తి లెక్క పదకొండు గంటల నలభై నిమిషాల నుంచి ఐదున్నర గంటలకు వచ్చింది. సాయంత్రం పెట్టి పడుకునే ముందు ఫలితం చూసుకోవచ్చు! గేమ్‌లో మాత్రం 24 కాస్తా 29 అయింది, అంతే. దిగేటప్పటి తడబాటు తగ్గింది గానీ పోలేదు. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడైనా ప్రాసెసర్ మార్చాలా వద్దా? వద్దనుకోవచ్చు. కానీ ఏప్రిల్ 6 నుంచి మనసులో పెట్టుకున్నది అంత తేలిగ్గా పోతుందా.

ఈసారి కోర్లు పక్కన పెట్టి క్యాష్ చూశాను. ప్రాసెసర్ లోపల ఎల్3 క్యాష్ అని చిన్న మెమరీ ఉంటుంది. మార్కెట్ యార్డులో కాంటా పక్కనున్న షెడ్డులాంటిది. బస్తా షెడ్డులో ఉంటే కాంటా ఆగదు. లేకపోతే కోల్డ్ స్టోరేజీకి మనిషిని పంపి ఎదురుచూడాలి. ఆ దూరపు కోల్డ్ స్టోరేజీయే ర్యామ్. నా 3600లో 32 ఎంబీ, అదీ పదహారు పదహారుగా రెండు ముక్కలు. రైజెన్లు తయారుచేసే ఏఎండీ వాళ్ల ఎనిమిది కోర్ల ఎక్స్3డి రకాల్లో క్యాష్‌కు ఇంకో 64 ఎంబీ పొర అతికిస్తారు, మొత్తం 96 ఎంబీ. ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి వాటికి ఇది బాగా కలిసొస్తుందని తెలుసు. గాలి లెక్క కూడా మెమరీ కోసం ఎదురుచూసేదే కాబట్టి దానికీ కలిసి రావాలి.

అప్పుడు నా ముందున్నవి ఇవి. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డి అన్నిటికంటే మేలు, సందేహం లేదు, కానీ బోర్డు, డీడీఆర్5 ర్యామ్‌తో కలిపి ఎనభై వేల దగ్గర తేలింది. 7800ఎక్స్3డి అయితే పది పదిహేను వేలు తక్కువ. 7600 చవక, కూలర్ కూడా పెట్టెలోనే వస్తుంది, కానీ క్యాష్ 32 ఎంబీయే, బోర్డు ఖర్చు తప్పదు. చివరగా 5700ఎక్స్3డి. 2024 జనవరిలో వచ్చింది. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ క్యాష్, నా పాత ఏఎం4 (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డులోనే కూర్చుంటుంది. గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్, అంటే నా 3600 కంటే కాస్త తక్కువే. గిగాహెర్ట్జ్ చూసి కొనేవాళ్లు దీని ముఖం కూడా చూడరు. పైగా ఈ బోర్డుకు ఇక ముందు దారి లేదు, ఇదే ఆఖరి మెట్టు. అయినా నా 3060 కార్డుకు ఎనభై వేల సెట్టు పెట్టడం దండగనిపించింది. తర్వాత కార్డు మార్చే స్తోమత వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

నిర్ణయం అయిపోయింది, ఇక సరుకు దొరకాలి. హన్మకొండలో నాలుగు దుకాణాలు తిరిగాను, లేదు. ఏప్రిల్ 26 శనివారం కాజీపేటలో శాతవాహన ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలియనివాళ్లు ఉండరు. మనిషి పక్కకు తిరిగితే గానీ ఇంకో మనిషి పోలేని వరండాలు, అంతటా అట్టపెట్టెలు. ఏడో ఎనిమిదో దుకాణంలో ఒకాయన సొరుగు లాగి, ప్లాస్టిక్ డొప్పలో ఉన్న చిప్పు తీసి కౌంటర్ మీద పెట్టాడు. 18,500.

"పెట్టె లేదా అన్నా?"

"ట్రే పీసు సార్. మాల్ అదే, పెట్టె ఒక్కటే లేదు. సంవత్సరం వారంటీ మేమే ఇస్తం, బిల్లు మీద రాసిస్తం."

పెట్టెతో వచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రే పీసుకు ఆ దుకాణం ఉన్నంత కాలమే వారంటీ. డబ్బులు జేబులో ఉన్నాయి, నూట ముప్పై కిలోమీటర్లు వచ్చాను, చిప్పు కళ్ల ముందు ఉంది. పావుగంట నిలబడ్డాను. డొప్ప తిప్పి చూస్తే పిన్నుల పక్కన అంచుకు సన్నగా బూడిదరంగు పేస్టు (కూలర్ బిగించేటప్పుడు చిప్పు మీద పూసేది) మరక ఉంది. వాడిందో, టెస్టు చేసిందో. వద్దని వచ్చేశాను. పెట్టె ఉన్నది వారంలో తెప్పిస్తామన్న ఇంకో దుకాణానికి నంబర్ ఇచ్చాను. రానుపోను టికెట్లు, ఆటోలు, భోజనం కలిపి 600. సాయంత్రం మళ్లీ శాతవాహనలోనే ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

వారం గడిచింది, ఫోన్ లేదు. మే 5న నేనే చేశాను. "రేపు ఎల్లుండి సార్." మే 10న మళ్లీ అదే మాట. మే 12న విసుగొచ్చి ఆన్‌లైన్‌లో సీల్డ్ పెట్టె 21,800కు పెట్టేశాను. సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ 2,300 అదే రోజు. 5700ఎక్స్3డి పెట్టెలో కూలర్ రాదు, లెక్కలో వేసుకోండి.

15న రావాలి. ఆ రోజే కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు మొదలయ్యాయి. మహబూబాబాద్ నుంచి మా అక్క, బావ, మేనల్లుడు దిగారు, పొద్దున్నే పరకాల, భూపాలపల్లి మీదుగా వెళ్లి స్నానం చేసి రావాలని. ఇల్లంతా సందడి, నాకేమో రెండు రోజులుగా పార్సిల్ టెన్షన్. 17 సాయంత్రం డెలివరీ అబ్బాయి చెమటలు కక్కుతూ వచ్చాడు. "పుష్కరాల ట్రాఫిక్ సార్, బండ్లు ఎక్కడియక్కడనే ఆగినయ్." నమ్మాలో లేదో తెలియదు. వీడియో తీస్తూ పెట్టె విప్పాను. పక్కనున్న చిన్న కిటికీలోంచి కనిపించే చిప్పు మీది నంబరు, పెట్టె మీది నంబరు కలిశాయి. అప్పుడే కాళేశ్వరం నుంచి వచ్చిన మా అక్క, కొత్త వస్తువు కదా అని బాటిల్‌లోని పుష్కర నీళ్లు చల్లబోయింది. చేయి పట్టుకుని ఆపాను. చివరికి పెట్టె అట్ట మీద రెండు చుక్కలకు ఒప్పందం కుదిరింది.

బయోస్ అప్‌డేట్ ముందు చేయాలి, పాత ప్రాసెసర్ ఉండగానే. పాత బయోస్‌తో కొత్త చిప్పు పెడితే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే. ఆ వారం రోజూ సాయంత్రం గాలిదుమారం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ బ్యాటరీ ముందే 1,100 పెట్టి మార్పించాను, అయినా ధైర్యం చాలక తెల్లవారుజామున పెట్టుకున్నాను. 18 ఆదివారం ఐదున్నర. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ వేసి, మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు. 62 శాతం దగ్గర చాలాసేపు ఆగింది. ఆ కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినలేదు. వంద అయింది, రీస్టార్ట్ అయింది. మెషీన్ ఆపేసి చాయ్ పెట్టుకున్నాను.

నా అసలు తప్పు ఇక్కడే. అప్పుడే, వేడిగా ఉన్నప్పుడే ప్రాసెసర్ తీయాల్సింది. అందరూ లేచి, టిఫిన్లయి, నేను స్క్రూడ్రైవర్ పట్టేసరికి పదిన్నర. నాలుగేళ్ల థర్మల్ పేస్టు చల్లారి గట్టిపడింది. నాలుగు స్క్రూలు తీసి కూలర్ పట్టుకుని పైకి లాగాను. టప్ మంది. కూలర్ చేతికొచ్చింది, దానికి కరుచుకుని ప్రాసెసర్ కూడా వచ్చింది. సాకెట్ లివర్ ఇంకా మూసే ఉంది!

ఏఎం4 చిప్పుకు కింద వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి, 1331. నా గుండె ఆగినంత పనయింది. సాకెట్‌లో టార్చ్ వేసి చూశాను, బాగానే ఉంది. పాత చిప్పు మూలన మాత్రం రెండు పిన్నులు పక్కకు వాలిపోయాయి. పాత చిప్పే కదా అనుకోకండి. అది మా మేనల్లుడికి ఇస్తానని చెప్పి నెలైంది, వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను. "నేను చూస్త మామా" అని లీడు తీసేసిన 0.5 పెన్సిల్ తెచ్చాడు. ముక్కులోని సన్నగొట్టంలోకి పిన్ను దూర్చి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూసుకుంటూ కొంచెం కొంచెంగా లేపాడు. ముప్పావుగంట. మా బావ ఫ్యాను కట్టేశాడు, గాలికి చేయి వణుకుతుందని. రెండూ నిలబడ్డాయి. మీరు తీసేముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి, పేస్టు వేడెక్కాక, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీయండి. లాగొద్దు.

కొత్త చిప్పు మూల మీది బంగారు త్రిభుజాన్ని సాకెట్ గుర్తుకు కలిపి వదిలితే దానంతటదే కూర్చుంది, నొక్కాల్సిన పని లేదు. కూలర్ దగ్గర మళ్లీ ఆగాం. దాని కొక్కేలు బోర్డుతో వచ్చిన నల్ల ప్లాస్టిక్ పట్టీలకు తగిలించాలి. 3600తో వచ్చిన చిన్న కూలర్ బిగించడానికి ఆ పట్టీలు 2020లోనే తీసేశారు. ఇల్లంతా వెతికి, సజ్జ మీద మదర్‌బోర్డు పెట్టెలో దొరికాయి. ఆ పెట్టెను ప్రతి దీపావళికీ పారేద్దామనే మా ఆవిడ ఈసారి ఏమీ అనలేదు.

స్విచ్ వేయగానే నల్ల తెర మీద ఇంగ్లిషు పేరా: కొత్త ప్రాసెసర్ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (రహస్య తాళాలు దాచే భాగం) రీసెట్ చేయడానికి వై నొక్కండి, ఎన్‌క్రిప్షన్ ఉంటే రికవరీ కీ లేకుండా నొక్కొద్దు. నా విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉందని ఆ క్షణం దాకా గుర్తులేదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ ఉంది, 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. వై నొక్కాను. మేనల్లుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్కో గుంపు చదువుతుంటే నేను కొట్టాను. విండోస్ తెరుచుకుంది. పిన్ పనిచేయలేదు, కొత్తగా పెట్టుకున్నాను.

అయిపోయిందనుకుంటే ఓపెన్‌ఫోమ్ తెరుచుకోలేదు. దాన్ని విండోస్‌లోపల లినక్స్‌లో నడుపుతాను, ఆ లినక్సే లేవనంటోంది. ఒక గంట తల పట్టుకున్నాక తెలిసింది, బయోస్ అప్‌డేట్ సెట్టింగులన్నీ తుడిచేస్తుందని. విండోస్‌లోపల లినక్స్ నడవడానికి కావలసిన వర్చువలైజేషన్ సెట్టింగ్ ఆఫ్ అయిపోయింది. ర్యామ్ కూడా మళ్లీ 2133కు పోయింది! అది చూడకపోతే ఇంకో నాలుగేళ్లు అలాగే నడిపేవాణ్ణేమో.

ఫలితాలు. వంద ఇటరేషన్లు 3 నిమిషాల 20 సెకన్లు, పూర్తి లెక్క నాలుగు గంటల లోపు. ఎనిమిది కోర్లకు బదులు పదహారు థ్రెడ్లు ఇస్తే ఇంకా నెమ్మదించింది, అందుకే ఎనిమిదే ఇస్తున్నాను. మధ్యాహ్నం గది 36 డిగ్రీలున్నప్పుడు కూడా చిప్పు 78 దాటలేదు. శంషాబాద్ టెర్మినల్ దగ్గర 43 ఫ్రేములు. మిగతా గేములు మాత్రం మీరు ఆశ పెట్టుకునేంతగా మారలేదు. గ్రాఫిక్స్ పెంచి ఆడేవాటిలో నాకు తేడా అసలు కనిపించలేదు, అక్కడ అడ్డం పడేది కార్డే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక శంషాబాద్ నుంచి లేచి భువనగిరి, జనగామ మీదుగా ఇటు వచ్చాను. కాజీపేట పట్టాలు, భద్రకాళి చెరువు, ఆ పక్కన మామునూరు. నిజాం కాలపు ఆ ఎయిర్‌పోర్టులో మనం నిజంగా ఎప్పుడు దిగుతామో గానీ, సిమ్యులేటర్‌లో దాని మీద రెండు చక్కర్లు కొట్టాను. తిరిగి శంషాబాద్‌లో దిగేటప్పుడు బొమ్మ ఎక్కడా ఆగలేదు. మేఘాల్లోకి వెళ్లినప్పుడు డబ్బాలో అక్షరాలు మారాయి: "లిమిటెడ్ బై జీపీయూ." అంటే ఇప్పుడు అడ్డం గ్రాఫిక్స్ కార్డు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హాల్లో కూలర్‌కు కొత్త మోటారు వేయించాను.

జూన్ 1 ఆదివారం మేనల్లుడు ఫోన్ చేశాడు. సెకండ్‌హ్యాండ్ బోర్డు ఒకటి సంపాదించి, పిన్నులు సరిచేసిన ఆ 3600 పెట్టాడట.

"మామా, ఆన్ అయింది!"

"సరే గానీ, ర్యాములు ఎన్ని వేసినవ్?"

"ఒక్కటే మామా. ఇంకోటి తర్వాత వేస్త."